హైడ్రోజెల్‌లో నానోకణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్య పెంకుల నుంచి జెల్ తీసి, అందులో వెండి నానోకణాలు కలిపి పుండ్లకు వాడతారట, నిజమేనా? విశాఖలో ఈ మాట అడిగేవాళ్ళు రకరకాలుగా ఉంటారు. ప్రాజెక్టు వెతుక్కుంటున్న ఫార్మసీ విద్యార్థులు, ఇంట్లో షుగర్ పుండుతో బాధపడే పెద్దవాళ్ళున్నవాళ్ళు, ఫిషింగ్ హార్బర్ వైపు రొయ్యల వ్యాపారం చేసేవాళ్ళు. అందరి ప్రశ్నలూ ఒకచోట చేర్చాను. ఒక్క మాట ముందే చెబుతాను. జెల్‌లో నానోకణం ఉందని ఎవరైనా అనగానే రెండు సంగతులు అడగండి: అక్కడ దాని పనేంటి, పనయ్యాక అది ఎటు పోతుంది? ఈ రెండింటికీ జవాబు లేకపోతే ఆ "నానో" డబ్బా మీద అలంకారమే.

హైడ్రోజెల్ అంటే ఏమిటి?

నీళ్ళంటే ఇష్టమున్న పాలిమర్ గొలుసులు (పొడవాటి అణువులు) అక్కడక్కడా ఒకదానితో ఒకటి ముడిపడితే, ఆ అల్లిక నీళ్ళలో కరగదు, ఉబ్బుతుంది. అలా నీళ్ళు పట్టుకుని నిలబడినదే హైడ్రోజెల్. కొన్నింటి బరువులో 90 శాతానికి పైగా నీళ్ళే. సాఫ్ట్ కాంటాక్ట్ లెన్స్ హైడ్రోజెల్. పిల్లల డైపర్లో తడి పీల్చే పొడి హైడ్రోజెల్. నానబెట్టిన సబ్జా గింజ చుట్టూ పట్టే జిగురు పొర కూడా అదే జాతి.

వైద్యంలోకి ఇది వచ్చిన కథ బాగుంటుంది. చెక్ రసాయన శాస్త్రవేత్తలు ఒట్టో విఖ్తెర్లె, ద్రహోస్లావ్ లిమ్ 1960లో నేచర్ పత్రికలో, శరీరంలో వాడదగిన జెల్స్ గురించి చిన్న వ్యాసం రాశారు. ఆ పరిశోధనకు పైనుంచి ప్రోత్సాహం తగ్గిపోతే, 1961 క్రిస్మస్ సమయంలో విఖ్తెర్లె ఇంట్లోనే పిల్లల బొమ్మల సెట్టు భాగాలు, సైకిల్ డైనమో కలిపి లెన్సులు పోసే యంత్రం కట్టుకున్నాడు. 1971లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సాఫ్ట్ లెన్సులకు అనుమతి ఇచ్చింది. నానో అన్న ఊసే లేకుండా ఇంత పని జరిగిందని గుర్తుంచుకోండి.

మరి నానోకణం?

మామూలుగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే కణం. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. అంత చిన్నదైనప్పుడు పదార్థం గుణాలు మారతాయి. బంగారం ఎర్రగా కనిపిస్తుంది, వెండి పసుపుగా. ఎర్ర బంగారు ద్రావణం గురించి శాస్త్రవేత్త ఫారడే 1857లోనే రాశాడు. అదే బరువుకు ఉపరితలం ఎన్నో రెట్లు పెరగడం రెండో విశేషం. రసాయన చర్య జరిగేది ఉపరితలం మీదే కాబట్టి కొంచెం పదార్థంతోనే పెద్ద ప్రభావం వస్తుంది, మంచైనా చెడైనా.

రెండూ కలపడం దేనికి? విడివిడిగా వాడితే సరిపోదా?

చాలాసార్లు సరిపోతుంది. ఎండిపోయిన పుండును తడిగా ఉంచడమే కావలసిందైతే ఉత్త జెల్ చాలు. గాయం తడిగా ఉంటే పైచర్మం త్వరగా కప్పుకుంటుందని జార్జ్ వింటర్ 1962లో పందుల మీద చేసిన ప్రయోగాలతో చూపించాడు.

కాకపోతే జెల్‌కు కొన్ని లోపాలున్నాయి. లాగితే తెగిపోతుంది. సూక్ష్మజీవులను తనంతట తాను చంపలేదు (రొయ్య పెంకుల నుంచి వచ్చే కైటోసాన్ లాంటి కొన్ని కొంతవరకు చంపుతాయి). విద్యుత్తును సరిగా పంపదు. మందు నింపితే మొదటి కొన్ని గంటల్లోనే చాలా భాగం వదిలేస్తుంది. నానోకణాలకు ఇంకో బాధ. విడిగా వదిలితే ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి, పెట్టినచోట నిలవవు. జెల్ వాటిని విడివిడిగా, ఉన్నచోటే పట్టి ఉంచుతుంది. అవి జెల్‌కు లేని గుణం ఇస్తాయి.

ఏ కణానికి ఏ పని అన్నది చూస్తే విషయం తేలికవుతుంది. వెండి సూక్ష్మజీవులను చంపడానికి. ఐరన్ ఆక్సైడ్ అయస్కాంతానికి లొంగుతుంది, మారే అయస్కాంత క్షేత్రంలో వేడెక్కుతుంది, ఎమ్మారైలో కనిపిస్తుంది. బంగారు నానోకడ్డీలు చర్మం లోపలికి కొంత దూరం వెళ్ళగల సమీప పరారుణ కాంతిని పీల్చి వేడి చేస్తాయి. హైడ్రాక్సీ అపటైట్ ఎముకలో ఉండే ఖనిజమే, దాన్ని జెల్‌లో కలిపితే ఎముక కణాలకు అలవాటైన నేల దొరికినట్టవుతుంది. కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్ లాంటివి గుండె కండరానికీ నరాలకూ పనికొచ్చే జెల్స్‌లో విద్యుత్తు నడిపించడానికి.

బంకమట్టి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ మొత్తం రంగంలో అన్నింటికన్నా నచ్చిన పని అది. 2002లో జపాన్‌లో హరాగుచి, తకెహిసా మామూలు రసాయన ముడులు తీసేసి, నానో పలకలుగా విడిపోయిన బంకమట్టినే ముడిగా వాడారు. వచ్చిన జెల్ తన పొడవుకు పది రెట్లు సాగినా తెగలేదు. అక్కడ నానోకణం లేకపోతే జెల్ అనేదే లేదు. పనేంటి అన్న ప్రశ్నకు అంతకన్నా సూటి జవాబు ఇంకోటి చూడలేదు.

కణాలను జెల్‌లోకి ఎలా ఎక్కిస్తారు?

తేలిక పద్ధతి, ముందే చేసుకున్న కణాలను పాలిమర్ ద్రావణంలో కలిపి ఆ తర్వాత గట్టిపరచడం. కలిపేటప్పుడు ముద్ద కట్టేస్తే పని పాడైనట్టే. రెండోది, జెల్‌ను సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, తర్వాత సోడియం బోరోహైడ్రైడ్ లాంటి క్షయకారిణితో (వెండి లవణాన్ని లోహపు వెండిగా మార్చే రసాయనంతో) లోపలే వెండి కణాలు పుట్టించడం. అప్పుడు జెల్‌లోని ఖాళీలే కణం సైజును అదుపు చేస్తాయి. మన రాష్ట్రంలోనే అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పాలిమర్ విభాగం నుంచి ఈ తరహా వెండి జెల్స్ మీద చాలా పరిశోధనా పత్రాలు వచ్చాయి. మూడోది పైన చెప్పిన బంకమట్టి పద్ధతి.

లోపలికి వెళ్ళిన కణం అక్కడే ఉంటుందా అన్నది జెల్ కన్ను సైజును బట్టి ఉంటుంది. హార్బర్‌లో వల కొనేటప్పుడు ఏ చేపకు ఏ కన్ను అని చూస్తారే, ఇక్కడా అదే లెక్క. జెల్ కన్ను సాధారణంగా కొన్ని నానోమీటర్ల నుంచి వంద నానోమీటర్ల దాకా ఉంటుంది. కణం అంతకన్నా పెద్దదైతే చిక్కుకుని ఉంటుంది, చిన్నదైతే జారుకుంటుంది. జెల్ ఉబ్బినప్పుడు కన్ను పెద్దదవుతుంది, కరుగుతున్నకొద్దీ తెగుతుంది. అందుకని తయారుచేసిన రోజు కొలిచిన లెక్క, పుండు మీద రెండు రోజులు ఉన్న తర్వాతి లెక్క ఒకటి కావు.

మా నాన్నగారికి షుగర్ పుండు. వెండి నానో జెల్ వాడితే త్వరగా మానుతుందా?

ఈ ప్రశ్న చాలా ఎక్కువగా వస్తుంది, దీనికి మెత్తగా జవాబు చెప్పడం న్యాయం కాదు. జెల్ దగ్గర మొదలుపెట్టకండి. కాలి పుండు మానాలంటే ముందు ఆ కాలికి రక్తం సరిగా వెళ్తోందా అని చూడాలి, పుండు మీద బరువు పడకుండా చూడాలి, చచ్చిన కండ తీయించాలి, షుగర్ అదుపులో ఉండాలి, ఇన్ఫెక్షన్ ఉంటే దానికి మందు పడాలి. ఇవి జరగకపోతే ఎంత ఖరీదైన జెల్ రాసినా పుండు అలాగే ఉంటుంది. డయాబెటిక్ ఫుట్ మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం మార్గదర్శకాలు, పుండు మానడం కోసమని వెండి డ్రెస్సింగులు వాడొద్దనే చెబుతున్నాయి.

అంటే వెండి దండగ అని కాదు. వెండి కణం తడి, ఆక్సిజన్ తగిలితే మెల్లగా వెండి అయాన్లను (విద్యుదావేశమున్న వెండి పరమాణువులను) వదులుతుంది. అవి బ్యాక్టీరియా ప్రొటీన్లకు అంటుకుని, పైపొరను దెబ్బతీసి చంపుతాయి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, లేదా వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న కాలిన గాయాల్లో, కొన్నాళ్ళపాటు డాక్టర్లు వాడతారు. చిక్కేమిటంటే అదే అయాన్ మోతాదు మించితే కొత్తగా పుడుతున్న చర్మ కణాలనూ దెబ్బతీస్తుంది. చంపవలసిన జీవానికీ బతకవలసిన కణానికీ మధ్య ఉన్న సందు చిన్నది. వెండి జెల్స్ మీద జరిగే పరిశోధనలో పెద్ద భాగం, అయాన్లు ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా బయటకు వచ్చేలా చేయడం కోసమే.

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఓపీలో అయినా ప్రైవేటు క్లినిక్‌లో అయినా సర్జన్‌ను ఇలా అడగండి: "డాక్టరు గారూ, పుండులో ఇన్ఫెక్షన్ ఉందాండీ? ఉంటే వెండి ఎన్నాళ్ళు, ఎప్పుడు ఆపాలి?" ఆపే తేదీ లేని వెండి కట్టు మంచిది కాదు.

డ్రెస్సింగ్ మార్చేటప్పుడు సెలైన్‌తో కడగొచ్చా?

డబ్బాతో వచ్చిన కాగితం చదవండి. కొన్ని వెండి డ్రెస్సింగులను సెలైన్‌తో కాకుండా స్టెరైల్ నీళ్ళతో తడపమంటారు. సెలైన్‌లోని క్లోరైడ్ వెండి అయాన్లను పట్టేసి సిల్వర్ క్లోరైడ్‌గా మార్చేస్తుంది, అప్పుడు పనిచేసేది తగ్గుతుంది. చచ్చిన కండను కరిగించే ఎంజైమ్ ఆయింట్‌మెంటు వాడుతుంటే, దాన్ని కూడా వెండి అడ్డుకోవచ్చు. రేడియేషన్ చికిత్సకో ఎమ్మారై స్కాన్‌కో వెళ్ళేముందు లోహమున్న కట్టు ఉందని అక్కడి టెక్నీషియన్‌కు చెప్పండి.

నీరు బాగా కారే పుండుకు హైడ్రోజెల్ పెట్టొచ్చా?

సాధారణంగా పెట్టరు. హైడ్రోజెల్ తడి ఇస్తుంది, అక్కడ కావలసింది తడి పీల్చేది. చుట్టుపక్కల చర్మం నాని తెల్లబడిపోతుంది. ఆల్జినేట్, ఫోమ్ లాంటి పీల్చే కట్లు వేరే ఉన్నాయి.

రొయ్య పెంకుల సంగతి నిజమేనా? మన దగ్గర కుప్పలు కుప్పలుగా పోతాయి కదా?

నిజమే. ఆంధ్రప్రదేశ్ దేశంలో రొయ్యల సాగుకు మొదటి స్థానంలో ఉంది, విశాఖ పోర్టు నుంచి ఎగుమతి భారీగా సాగుతుంది. తల, పెంకు తీసేశాకే చాలా సరుకు ఓడ ఎక్కుతుంది, ఆ తీసేసిందంతా ఇక్కడే మిగులుతుంది. ఆ పెంకులో కైటిన్ అనే పదార్థం ఉంటుంది.

పద్ధతి చెప్పడానికి తేలికే. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే పెంకులోని సున్నం కరిగిపోతుంది. పలుచని కాస్టిక్ సోడాలో వేడిచేస్తే మాంసకృత్తులు పోతాయి. మిగిలిన కైటిన్‌ను చిక్కని కాస్టిక్ సోడాలో కాగబెడితే కైటోసాన్ అవుతుంది. అది మామూలు నీళ్ళలో కరగదు, పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరుగుతుంది. ఆ ద్రావణం నుంచే జెల్ చేస్తారు. కైటోసాన్‌కు ధనావేశం ఉంటుంది, ఎర్రరక్తకణాల పైపొరకు రుణావేశం, అందుకే రక్తం కారేచోట అది గడ్డలా పట్టేస్తుంది. అమెరికా సైన్యం ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో కైటోసాన్ పట్టీలు వాడింది. వెండి కణాలను ముద్ద కట్టకుండా పట్టి ఉంచడంలోనూ దీని గొలుసులు సాయపడతాయి.

కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖలో పరిశోధన కేంద్రం ఉంది. కైటిన్, కైటోసాన్ మీద ఆ సంస్థ ఎప్పటినుంచో పనిచేస్తోంది. వ్యాపారం ఆలోచన ఉన్నవాళ్ళు ముందు అటు వెళ్ళడం మంచిది.

అయితే ఒక హెచ్చరిక. పొలానికీ నీటి శుద్ధికీ పనికొచ్చే కైటోసాన్ వేరు, గాయం మీద పెట్టేది వేరు. వైద్యానికి వాడేదానిలో మిగిలిన ప్రొటీన్ ఎంత, బరువైన లోహాలు ఎంత, బ్యాక్టీరియా విషాలు ఎంత అన్నీ బ్యాచ్ బ్యాచ్‌కూ చూపించాలి. పెంకు ఎండలో రెండు రోజులు కుళ్ళాక తెచ్చి మెడికల్ గ్రేడ్ చేస్తామంటే కుదరదు. ధరలో తేడా అంతా అక్కడే ఉంది. కాస్టిక్ కలిసిన ఆ మురుగు నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది ఇంకో ప్రశ్న. దాని లెక్క వేయకుండా "చెత్త నుంచి సంపద" అని బ్యానర్లు కట్టడం నాకు రుచించదు.

రొయ్యలు పడనివాళ్ళు కైటోసాన్ జెల్ వాడొచ్చా?

రొయ్యల ఎలర్జీ ప్రధానంగా కండలోని ప్రొటీన్ వల్ల వస్తుంది, శుద్ధిచేసిన కైటోసాన్‌లో అది దాదాపు ఉండదు. అయినా డాక్టరుకు ముందే చెప్పండి.

సముద్రపు నాచుతో కూడా చేస్తారా?

చేస్తారు. గోధుమరంగు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ కాల్షియం తగలగానే గట్టిపడుతుంది, వేడి అక్కర్లేదు, అందుకే బతికున్న కణాలను అందులో పెట్టి ప్రింట్ చేయగలుగుతున్నారు. ఆ జాతి నాచు మన తీరంలో రాళ్ళ మీదా కనిపిస్తుంది గాని, పరిశ్రమకు సరుకు ఎక్కువగా తమిళనాడు తీరం నుంచే వస్తుంది.

క్యాన్సర్‌కు నానో జెల్ వచ్చిందంటున్నారు. అగనంపూడి ఆసుపత్రికి వెళ్తే దొరుకుతుందా?

వార్తల్లో వచ్చేవన్నీ ఒకే గాటన కట్టొద్దు. మూడు వేరు వేరు సంగతులున్నాయి. నానో మందులు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి: కొవ్వు బుడగల్లో డాక్సోరుబిసిన్ నింపిన మందుకు అమెరికాలో 1995లోనే అనుమతి వచ్చింది. అది జెల్ కాదు. జెల్ కూడా వాడుకలో ఉంది: ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చేటప్పుడు పురీషనాళాన్ని దూరంగా జరపడానికి మధ్యలో ఎక్కించే పీఈజీ (పాలిఇథిలీన్ గ్లైకాల్) జెల్‌కు 2015లో అమెరికా అనుమతి దొరికింది. అందులో నానోకణం లేదు. రెండూ కలిసినవి, అంటే కణితి పక్కన జెల్ ఎక్కించి, బయటి నుంచి కాంతితోనో అయస్కాంతంతోనో వేడిచేసి మందు విడుదల చేసేవి, ఎక్కువగా ఎలుకల దశలోనో తొలి ప్రయోగాల్లోనో ఉన్నాయి. మామూలు చికిత్స కాదు.

కాబట్టి అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ మరెక్కడ గానీ, డాక్టర్లు రాసిన కీమో వాయిదా వేసి నానో జెల్ కోసం ఎదురుచూడొద్దు. ఎవరైనా ఫోన్‌లో అమ్మజూపితే అది క్లినికల్ ట్రయలా అని అడగండి. ట్రయల్ అయితే దేశపు క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీలో నంబరు ఉండాలి. పరీక్షించే మందుకు రోగి దగ్గర డబ్బు అడుగుతున్నారంటే అనుమానించండి.

ఈ కణాలు ఒంట్లో ఉండిపోతాయా?

ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి. చర్మం పైన పెట్టిన కట్టు తీసేస్తాం, అందులోంచి లోపలికి వెళ్ళేది తక్కువ, అయితే పెద్ద కాలిన గాయమైతే తక్కువ అనడానికి లేదు. లోపల ఎక్కించినవాటి సంగతి వేరు. సుమారు 6 నానోమీటర్ల కన్నా చిన్న కణాలు మూత్రపిండాల గుండా బయటకు పోగలవు. పెద్దవాటిని కాలేయం, ప్లీహం పట్టుకుంటాయి. ఐరన్ ఆక్సైడ్‌ను శరీరం కరిగించి ఆ ఇనుమును తన లెక్కలో కలుపుకోగలదు. బంగారం కరగదు, ఏళ్ళ తరబడి ఉండొచ్చు. వెండి ఎక్కువ మోతాదులో చాలాకాలం చేరితే చర్మం నీలి బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ రంగు మళ్ళీ పోదు. జెల్ కరిగిపోయేదే అయినా కణం కరిగిపోతుందని అర్థం కాదు. పత్రాల్లో "బయోడిగ్రేడబుల్" అన్న మాట చూసినప్పుడు అది జెల్ గురించా, కణం గురించా అని చూడండి.

ఎం.ఫార్మ్ ప్రాజెక్టుకు వేపాకు రసంతో వెండి కణాలు చేద్దామనుకుంటున్నాను. మంచి టాపికేనా?

అమ్మా, బాబూ, యూనివర్సిటీ గేటు దాటిన దగ్గర నుంచి కనిపించే ప్రతి చెట్టు ఆకుతోనూ ఈపాటికి ఎవరో ఒకరు చేసేశారు. ద్రావణం పసుపు గోధుమకు తిరిగింది, 420 నానోమీటర్ల దగ్గర కాంతి పీల్చే శిఖరం వచ్చింది, ఇ. కోలై బ్యాక్టీరియా పెంచిన ప్లేటులో అవి చచ్చిన వలయం కనిపించింది, పేపర్ అయిపోయింది. ఆకు ఏ నెలలో కోశారు, వానకాలం ఆకుకూ ఎండాకాలం ఆకుకూ కణం సైజు ఒకటే వచ్చిందా అని అడిగితే జవాబుండదు. వైద్యానికి పనికిరావాలంటే వందో బ్యాచ్ మొదటి బ్యాచ్‌లాగే ఉండాలి.

చేయాలనే ఉంటే ఈ దిశలో చేయండి. కణాలు లేని జెల్‌ను, అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్ జెల్‌ను పక్కపక్కన పెట్టి పోల్చండి. అప్పుడే నానో వల్ల లాభమెంతో తెలుస్తుంది. అగార్ ప్లేటు మీద వలయం పెద్దదైతే మందు బలమైనదని రాసేయొద్దు, అది వెండి ఎంత దూరం పాకిందో కూడా చెబుతుంది. చర్మ కణాల మీద విషప్రభావం తప్పకుండా చూడండి. అక్కడ ఎంటీటీ పరీక్ష (బతికున్న చర్మ కణాలను రంగుతో లెక్కించేది) రంగుతో కొన్ని నానోకణాలు తికమక పెడతాయి, నానోకణాలు మాత్రమే ఉన్న కంట్రోల్ పెట్టుకోండి. గైడ్ గారు ఒప్పుకోరేమోనని టెన్షన్ పడొద్దు. లాభం లేదని తేలినా అది ఫలితమే.

మన దేశంలో వీటికి అనుమతి ఎవరిస్తారు?

సీడీఎస్‌సీవో. అంటే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ. గాయం కప్పే జెల్‌ను వైద్య పరికరంగా చూస్తే 2017 మెడికల్ డివైసెస్ రూల్స్, మందుగా పనిచేస్తుందంటే 2019 న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ వర్తిస్తాయి. నానో మందులను ఎలా అంచనా వేయాలన్నదాని మీద 2019లోనే కేంద్రం మార్గదర్శకాలు విడుదలయ్యాయి. వెండి కలిసిన జెల్ పరికరమా మందా అన్న తగవు చాలా దేశాల్లో ఉన్నదే. కంపెనీ పెట్టాలనుకునేవాళ్ళు జెల్ చేయడం మొదలుపెట్టకముందే ఇది తేల్చుకుంటే డబ్బు మిగులుతుంది.

పెదగంట్యాడ దగ్గరి ఏఎమ్‌టీజెడ్ అనే మెడ్‌టెక్ జోన్‌లో మాలాంటి చిన్నవాళ్ళకు పని జరుగుతుందా?

ఏఎమ్‌టీజెడ్‌ను కట్టిందే అందరికీ పనికొచ్చే ల్యాబులు ఒకచోట ఉండాలని. బయోమెటీరియల్ పరీక్షలు, త్రీడీ ప్రింటింగ్, గామా స్టెరిలైజేషన్ అక్కడున్న సదుపాయాల్లో ఉన్నాయి. జెల్ వాళ్ళకు గామా సంగతి ముఖ్యం. నీళ్ళు నిండిన జెల్‌ను ఆవిరితో స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్‌లో పెడితే చాలా రకాలు పాడవుతాయి. గామా కిరణాలు పడితే పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్) గొలుసులు ఇంకా ముడిపడతాయి, ఆల్జినేట్, కైటోసాన్ గొలుసులు తెగుతాయి. భాభా అణు పరిశోధన కేంద్రం ఈ గుణాన్నే వాడుకుని, రేడియేషన్‌తో ఒకే దెబ్బకు జెల్ కట్టించి స్టెరైల్ కూడా చేసే పీవీఏ డ్రెస్సింగ్ పద్ధతి తయారుచేసింది. వెండి కణాలున్న జెల్ అయితే గామా తర్వాత కణం సైజు మళ్ళీ కొలవాలి, ఎందుకంటే రేడియేషన్ మిగిలిన వెండి అయాన్ల నుంచి కొత్త కణాలు పుట్టిస్తుంది. స్టెరిలైజ్ చేయకముందు తీసిన ఫొటోలు, అంకెలు పట్టుకుని అనుమతికి వెళ్తే తిప్పి పంపిస్తారు.

పిల్లలు ఆడుకునే రంగు రంగుల నీటి పూసలు కూడా హైడ్రోజెలేనా?

అవును, ప్రమాదం కూడా. మింగితే పేగులో ఉబ్బి అడ్డుపడతాయి, మామూలు ఎక్స్‌రేలో సరిగా కనిపించవు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఉంచొద్దు. మింగారని అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, పూస మింగాడని స్పష్టంగా చెప్పండి.

జెల్ డ్రెస్సింగ్ ఇంట్లో ఎలా దాచాలి? ఫ్రిజ్‌లో పెట్టాలా?

ప్యాకెట్ మీద రాసిన ఉష్ణోగ్రత చూడండి. చాలావాటికి ఫ్రిజ్ అక్కర్లేదు, డీప్ ఫ్రీజర్‌లో అసలు పెట్టకూడదు, గడ్డకట్టి కరిగితే అల్లిక చెడుతుంది. మే నెలలో బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో ఉక్కపోత ఎలా ఉంటుందో తెలిసిందే, కిటికీ పక్కనో స్కూటీ డిక్కీలోనో ఉంచొద్దు. వెండి ఉన్నవి వెలుతురు తగిలితే నల్లబడతాయి. ఒకసారి తెరిచిన షీటులో సగం కత్తిరించి వాడి, మిగతా సగం కవర్లో చుట్టి వారం తర్వాత వాడటం మన ఇళ్ళలో మామూలే, ఖరీదు అలాంటిది. కానీ తెరిచాక అది స్టెరైల్ కాదు. కొనేటప్పుడే పుండు సైజుకు సరిపోయే చిన్న షీటు ఇమ్మని మందుల షాపులో అడగండి.